పులి పద్దు

సంపాదించే చెయ్యి ఒకటి, ఖర్చుపెట్టే చెయ్యి ఒకటి, లెక్క అడిగే నోరు ఒకటి. ఈ మూడూ ఒక్క మనిషివే అయిన ఇల్లు నేనింతవరకూ చూడలేదు. పూర్వం జీతం కవరు చేతికిచ్చేవారు, ఇప్పుడు బ్యాంకు కార్డు ఇస్తున్నారు, అంతే తేడా. మూడో వారానికల్లా "అప్పుడే అయిపోయాయా?" అనే ప్రశ్న మాత్రం మారలేదు. ఆ ప్రశ్నకి జడిసే మన పెద్దవాళ్ళు పోపులపెట్టెలో జీలకర్ర కింద నాలుగు రూపాయలు దాచుకునేవారు. ఆ నాలుగు రూపాయలకి లెక్క అడిగే హక్కు ఎవరికీ లేదు. ఏ చట్టంలోనూ రాయకపోయినా వంటింటి శాసనం అది.

నలుగురున్న సంసారానికే ఇన్ని చిక్కులుంటే, దాదాపు రెండు వేల ప్రాణులున్న సంసారం సంగతేమిటి చెప్పండి? అందులో ఒక్కటి కూడా "ఇవాళ నాకు తక్కువైంది" అని నోరు విప్పి చెప్పలేదు. నేను చెబుతున్నది హైదరాబాదు నెహ్రూ జూ పార్కు గురించి. పులికి మాంసం కొనే డబ్బు ఎవరిది, "ఇంతే, ఇక చాలు" అనే అధికారం ఎవరిది? వినడానికి చిన్న ప్రశ్నే. దాని వెనక మాత్రం రెండొందల ఏళ్ళకు పైబడిన కథ ఉంది.

ప్రశ్న మా పక్కింటి వదినెది. 2025 మార్చి 1 నుంచి జూ టికెట్టు పెద్దలకి 100 రూపాయలు, పిల్లలకి 50 అయింది. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోదామని మా ఆర్మూరులో ఆడవాళ్ళం నలుగురం కూర్చుని లెక్కలు వేసుకుంటున్నాం. ఆలుమగలూ ఇద్దరు పిల్లలూ అంటే గేటు దగ్గరే మూడు వందలు. నూట ఎనభై కిలోమీటర్ల పైచిలుకు బస్సు చార్జీలు దీనికి వేరే.

"గంత దూరం పోయి మూడు వందలు గేటుకాడనే పెడితిమి. ఆ పైసలు పులికే పోతయా, సర్కారుకు పోతయా?" అంది వదినె.

"పులికి పైసలెందుకే, పులికి కూర గావాలె గాని!" అంది మా అత్తమ్మ, వత్తులు చేసుకుంటూ.

అందరం నవ్వుకున్నాం గాని, చూడండి, ఆ రెండు మాటల్లోనే అసలు విషయమంతా ఉంది.

ఆర్మూరు మనిషి ఇలాగే అడుగుతుంది మరి. పసుపు పండే ఊరు మాది. తొమ్మిది నెలలు పొలంలో ఉండే పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టి, బస్తాలకెత్తి, పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న నిజామాబాదు యార్డుకి తోలితే చివరికి రైతు చేతికొచ్చేది ఒక కాగితం. దాన్ని తక్‌పట్టీ అంటారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, తూకం వేసిన దడువాయికి ఎంత, ఇవన్నీ పోగా మిగిలిందెంత అన్నీ అందులో ఉంటాయి. మా అత్తమ్మకి అక్షరం ముక్క రాదు. కాని తక్‌పట్టీ ముందు పెడితే, ఏ గీత దగ్గర ఎంత కోశారో వేలు పెట్టి చూపిస్తుంది.

సరుకు కొన్న వ్యాపారి కట్టే మార్కెట్ రుసుముకి కూడా ఒక దారి ఉంది. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం అది మార్కెట్ కమిటీ నిధిలో చేరాలి. యార్డులో షెడ్డూ, గచ్చూ, దీపాలూ, తాగేనీళ్ళూ అందులోంచి రావాలి. అంటే యార్డులో పుట్టిన రూపాయి యార్డు బాగుకే ఖర్చు కావాలన్నది సూత్రం. ఆ సూత్రం ఎంతవరకు నడుస్తోందో అడగడం మా జిల్లా వాళ్ళకి అలవాటే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం నిజామాబాదు నుంచి 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! ఆ బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులో మొదలైంది. లెక్క గట్టిగా అడిగితే పలికే వాళ్ళుంటారని ఇక్కడి ఆడవాళ్ళకీ తెలుసు.

సరే, పులి దగ్గరికి వద్దాం.

రాజుల కాలంలో ఈ ప్రశ్నే లేదు. పులి రాజుగారిది, మాంసం రాజుగారిది, చూసే భాగ్యం రాజుగారు పిలిచినవాళ్ళది. రాజుగారి మనసు మారితే పులి గతి ఏమిటని అడిగే దిక్కూ లేదు. ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు పదవి ఊడిపోయాక, 1793లో వెర్సాయ్ రాజభవనంలో మిగిలిన జంతువుల్ని పారిస్ మ్యూజియం తోటకి తరలించే ఏర్పాటు చేశారు. రాజు సొత్తు జనం సొత్తయింది. ఆ క్షణం నుంచే జనానికి కొత్త తలనొప్పి కూడా మొదలైంది. సొత్తు మనదైతే మేత ఖర్చూ మనదే కదా!

లండన్ వాళ్ళు ఇంకో దారి తొక్కారు. 1828లో అక్కడి జూని ఒక శాస్త్రీయ సంఘం తెరిచింది. మొదట్లో సభ్యులకే ప్రవేశం. సభ్యుల చందాలతో ఏనుగుల్నీ సింహాల్నీ పోషించడం సులువా? 1847లో డబ్బు కోసమే మామూలు జనానికి గేటు తెరిచారు. టికెట్టు కొన్నవాడికల్లా ప్రవేశం అనే పద్ధతి జనం మీద ప్రేమతో వచ్చింది కాదు, ఖాళీ అయిన గల్లాపెట్టె తెచ్చింది. గేటు డబ్బు వచ్చాక గేటు దగ్గరికొచ్చే వాళ్ళకి ఏది నచ్చుతుందో అదే చూపించాలనే ఒత్తిడి కూడా వెంట వచ్చింది.

మనకి దగ్గరి కథ మద్రాసుది. 1855 ప్రాంతంలో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ మ్యూజియంలో బతికిన జంతువుల్ని పెడితే జనం విరగబడి రావడం చూశాడు. కర్ణాటక నవాబుని ఒప్పించి ఆయన జంతువుల్ని మ్యూజియానికి ఇప్పించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అవి మూడు వందలు దాటాయి. ఇక మ్యూజియం వల్ల కాక, 1863లో జూ సెంట్రల్ స్టేషను దగ్గరున్న పీపుల్స్ పార్కుకి, నగర మునిసిపాలిటీ చేతికి వెళ్ళింది. చెన్నపట్నం చూసివచ్చిన మన పల్లెటూరి వాళ్ళు మ్యూజియాన్ని "చచ్చిన కాలేజీ" అనీ, జూని "బతికిన కాలేజీ" అనీ అనేవారు. ఆ బతికిన కాలేజీని వందేళ్ళకు పైగా పోషించింది నగరపాలక సంస్థ. అంటే వీధిదీపాలకీ, మురికికాలవలకీ, పులికీ ఒకటే పద్దు. ఊరు పెరిగింది, జాగా ఇరుకైంది. చివరికి 1985లో జూ ఊరవతల వండలూరు అడవిలోకి, అటవీశాఖ చేతిలోకి వెళ్ళిపోయింది. ఒక్క జూ ఎందరి చేతులు మారిందో చూడండి: నవాబు, మ్యూజియం, మునిసిపాలిటీ, అటవీశాఖ. పులి చారలు మాత్రం మారలేదు.

ఇక మన హైదరాబాదు. పూర్వం జూ ఉండేది బాగె ఆంలో, అంటే ఇప్పుడు మనం పబ్లిక్ గార్డెన్స్ అనే తోటలో. ఆ తోటలోనే ఇంకో సంగతి ఉంది. 1905లో ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగర పౌరులు డబ్బు పోగుచేసి అక్కడ ఒక టౌన్‌హాలు కట్టడం మొదలుపెట్టారు. అది 1913లో పూర్తయింది. తరవాత అదే శాసనసభ భవనమైంది. ఒకే తోటలో ఒక పక్క జంతువులు, ఇంకో పక్క వాటి మేతకి పద్దు మంజూరు చేయగల సభ. ఇంత దగ్గర చుట్టరికం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మూడేళ్ళకి, 1959 అక్టోబరులో, కొత్త జూ కట్టాలని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో తయారైన జూ 1963 అక్టోబరు 6న తెరుచుకుంది. బాధ్యత అటవీశాఖది. పాత తోటలోని జంతువులు కొత్త ఇంటికి మారాయి. అలా వచ్చిన వాటిలో ఒక గాలపగోస్ తాబేలు ఉంది. అది 2024 మార్చిలో పోయింది. వయస్సు 125 ఏళ్ళని జూ వాళ్ళు చెప్పారు. అది పుట్టిననాటికి హైదరాబాదుని ఆరో నిజాం ఏలుతున్నాడు. అది పోయేనాటికి తెలంగాణ వచ్చి పదేళ్ళు కావస్తోంది. సింహాసనాలు పోయాయి, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. దానికి రోజూ ఆకుకూర మాత్రం టైముకి కావలసి వచ్చింది. ప్రభుత్వాలు మారాయని ఆకలి ఆగదు కదా!

ఇప్పుడు వదినె అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పుకుందాం. గేటు దగ్గర మనమిచ్చే రూపాయి నడవడానికి రెండు దారులున్నాయి.

మొదటి దారి ఖజానా దారి. ప్రభుత్వ శాఖ వసూలు చేసిన డబ్బు ప్రభుత్వ ఖజానాకి పోతుంది. మళ్ళీ బయటికి రావాలంటే బడ్జెట్టులో పద్దు ఉండాలి, శాసనసభ ఒప్పుకోవాలి. ఇందులో గొప్ప సుగుణం ఉంది. జూకి ఎవరూ రాకపోయినా పులికి తిండి ఆగకూడదు, ఆగితే సభలో అడగడానికి మనం ఎన్నుకున్న వాళ్ళుంటారు. లోపం కూడా ఉంది. బోను చువ్వ విరిగితే కాగితం కదలాలి. మార్చి 31 దాటితే ఖర్చు కాని డబ్బు మురిగిపోతుంది. పులికి ఆర్థిక సంవత్సరం అంటే ఏమిటో తెలియదు. ఆసుపత్రులూ, బడులూ, రోడ్లూ వరసలో నిలబడితే, జూ తోక చివర నిలబడుతుంది. ఓటు లేని వాళ్ళు వరసలో ముందుకెలా వస్తారు?

రెండో దారి సొంత పెట్టె దారి. దీనికి దేశంలో మార్గం చూపించింది మైసూరు. 1892లో పదో చామరాజ ఒడయరు స్థాపించిన ఆ జూ 1948లో సర్కారు తోటల శాఖకి వచ్చింది, 1972లో అటవీశాఖకి మారింది. 1979లో కర్ణాటక జూల కోసం ప్రత్యేకంగా ఒక స్వతంత్ర ప్రాధికార సంస్థ పెట్టారు. గేటు డబ్బు ఖజానాకి పోకుండా జూ దగ్గరే ఉంటుంది, జూకే ఖర్చవుతుంది. అచ్చం మన పోపులపెట్టె పద్ధతే గాని, దీనికి లెక్కలు రాస్తారు. మన దగ్గరా జూలకీ పార్కులకీ ఒక అథారిటీ ఉంది, దాని పాలకమండలి అటవీశాఖ మంత్రి అధ్యక్షతన కూర్చుంటుంది. టికెట్టు వంద రూపాయలు చేయాలన్న మాటా అక్కడే తేలింది.

సొంత పెట్టె బాగుంది కదా అని నేనూ మొదట ఉత్సాహంగానే చెప్పుకొచ్చాను. మా అత్తమ్మ అడ్డుపడింది.

"మరి జనం రాకుంటే?"

జనం రాని రోజు వచ్చిందండీ. 2020 మార్చిలో కరోనా వచ్చి హైదరాబాదు జూ గేటు మూతపడింది. మళ్ళీ తెరిచింది అక్టోబరు 6న, సరిగ్గా జూ పుట్టినరోజు నాడు. ఆరు నెలలకు పైగా గేటు దగ్గర పైసా రాలేదు. పెద్దపులికి రోజుకి ఎనిమిది పది కిలోల మాంసం మాత్రం రావలసిందే. 2021 మేలో మళ్ళీ మూత. ఆ నెలలోనే అక్కడి ఎనిమిది సింహాలకి కరోనా సోకిందని సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. గేటు మూసి ఉన్న రోజుల్లోనే మందులు, డాక్టర్లు, పరీక్షల ఖర్చు. టికెట్ల మీదే బతికే మైసూరు జూకైతే 2020లో జిల్లా ఇన్‌చార్జి మంత్రి స్వయంగా తిరిగి కోట్ల రూపాయల విరాళాలు పోగుచేయవలసి వచ్చింది. బాగా నడిచే సంసారమే, నిల్వలేని గడ్డురోజు చందాపుస్తకం పట్టుకుంది.

చందా అంటే గుర్తొచ్చింది, దత్తత సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదు జూలో ఎవరైనా ఒక జంతువు మేత ఖర్చు కట్టి దత్తత తీసుకోవచ్చు. స్టేట్ బ్యాంకు వాళ్ళు కొన్నేళ్ళపాటు పులుల్ని దత్తత తీసుకున్నారు. 2020లో ఉపాసన కొణిదెల రాణి అనే ఏనుగు కోసం 5 లక్షలు ఇచ్చారు. ఈ సంగతి చెబితే మా అత్తమ్మ, "దత్తత దీసుకుని ఏనుగునెక్కడ పండవెడతరు?" అని నిజంగానే దిగులుపడింది. ఇంటికి పంపరనీ, బిల్లు మాత్రమే పంపుతారనీ చెప్పి ఊరడించాం.

ఇవ్వడం మంచిదే, ఇచ్చినవాళ్ళు చల్లగా ఉండాలి. కాని దాత మనసు ఎటు పోతుందో ఆలోచించండి. పులి, ఏనుగు, సింహం అంటే ఫొటో బాగుంటుంది. దుమ్ములగొండినీ, రాబందునీ, పేరు తెలియని పామునీ ఎవరు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు? పెళ్ళిలో పెళ్ళికూతురికి చీర పెట్టేవాళ్ళు వందమంది ఉంటారు, వంటవాడికి కూలి ఇచ్చేది మాత్రం ఇంటి యజమానే. జూకి కూడా ఒక యజమాని ఉండాలి.

పులులకి కావలసింది మాంసమొక్కటే కాదు. 2000 అక్టోబరులో హైదరాబాదు జూలో ఒక ఆడపులిని దాని ఆవరణలోనే రాత్రివేళ చంపి చర్మం ఒలుచుకుపోయారు. దేశమంతా నిర్ఘాంతపోయింది. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒక మాట తోస్తుంది. రాత్రి కాపలావాడి జీతానికి ఏ దాతా చందా ఇవ్వడు. టికెట్టు కొన్న పిల్లవాడూ పగలే వచ్చి వెళ్ళిపోతాడు. చీకట్లో ఖర్చులుంటాయి, వాటిని ఎవరూ చూడరు. కంటికి కనబడని ఖర్చు భరించడానికే సర్కారు ఉన్నది.

ఇంకో సంగతి. డబ్బు ఎవరిచ్చినా సరే, హద్దు గీసేది వేరొకరు. వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది. 1991లో దానికి సవరణ చేసి, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థని పెట్టారు. దాని గుర్తింపు లేకుండా దేశంలో ఎవరూ జూ నడపడానికి వీల్లేదు. ఆవరణ ఎంత ఉండాలి, వైద్యం ఎలా ఉండాలి అన్నది వాళ్ళు చూస్తారు. డబ్బిచ్చేవారికీ, ఖర్చుపెట్టేవారికీ ఇద్దరికీ పైన ఒక పెద్దదిక్కు అన్నమాట. ఉమ్మడి కుటుంబంలో సంపాదన కొడుకులది, వంట కోడళ్ళది, "పిల్లలకి పాలు తగ్గించడానికి వీల్లేదు" అనే మాట మాత్రం ముసలమ్మది. ఆ మాటకి తిరుగు లేదు.

అయితే ఎవరి చేతిలో ఉండాలంటావు అంటారా? నాకు తోచింది చెబుతాను, మీకు నచ్చకపోతే నాలుగు తిట్టండి. రోజు తిండీ, వైద్యమూ, కాపలాదారు జీతమూ సర్కారు పద్దులో కదలకుండా ఉండాలి. జనం వచ్చినా రాకపోయినా అవి ఆగకూడదు. గేటు డబ్బు జూ దగ్గరే ఉండాలి, చెట్లకీ, మంచినీళ్ళకీ, ఆవరణల బాగుకీ, గడ్డురోజు కోసం నిల్వకీ. దాతల డబ్బు తీసుకోవాలి, దాతకి దండం పెట్టాలి, పెత్తనం మాత్రం ఇవ్వకూడదు. వారంలో ఒక్కరోజైనా సర్కారు బడి పిల్లలకి టికెట్టు లేకుండా గేటు తెరవాలి. మా ఊరి పసుపు కూలీ పిల్ల కూడా పులిని కళ్ళారా చూడాలి కదా! ఆమె తల్లి కొనే ప్రతి సబ్బుబిళ్ళ మీదా సర్కారుకి పన్ను కడుతూనే ఉంది. జూలో పులి కొంత ఆమెది కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది మా మార్కెట్ నుంచి నేర్చుకోవచ్చు. డబ్బు ఎవరిదన్న పోట్లాట ఎన్నాళ్ళైనా సాగుతుంది. లెక్క ఎవరికి చూపిస్తారన్నది ఇవాళే తేల్చుకోవచ్చు. ఆడిట్ కాగితాలు ఆఫీసుల్లో ఉంటాయి, వాటిని చదివే ఓపిక మనలో ఎంతమందికుంది? యార్డులో రోజూ ధరల బోర్డు పెట్టినట్టు, జూ గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టమనండి. నిన్న ఎంతమంది వచ్చారు, ఎంత వసూలైంది, మాంసానికెంత, గడ్డికెంత, మందులకెంత, మిగిలిందెంత. ఆరు వరసలు, సుద్దముక్కతో. సోమవారం జూకి సెలవు, సుద్దముక్కకీ సెలవివ్వండి.

ఈ మాట చెబితే మా వదినె ఒక్క క్షణం ఆలోచించింది.

"గట్లయితే మూడు వందలిస్త. తక్‌పట్టీ ఇచ్చినోనికి పైసలియ్యనీకి నాకేం బాధ?" అంది.